బాగున్న అన్నందుకు పడ్డ తిప్పలు

ఏమన్నవ్ శైలూ? "అమ్మమ్మా, నీ కోర్టు ముచ్చట సెప్పు" అంటవా? సెప్త. ముందు ఆ భుజం గోడకు ఆనిచ్చి కూసో. ఆటో బోల్తా పడి నెల దాటె, భుజం గుంజుతున్నా ఎముక ఇరగలేదు గదా అని కేసు వద్దంటున్నవట. మీ అమ్మ సెప్పింది. అందుకే సెప్త, ఇను.

గప్పుడు మాకు రెండు బర్లుండె. చిలుకూరు నుంచి కోదాడకు పాలు నేనే తీస్కపోయేది, మీ పెదమామ బండెనక కూసోని... కాదు కాదు, సిన్నమామ. పెదమామ గప్పుడు మేళ్లచెరువుల లారీ నడిపేటోడు. ఆ, సిన్నమామ బండి మీద పోతాంటే సిమెంటు లారీ ఎనక నుంచి రాసుకుంట పోయింది. క్యాన్లొక దిక్కు, నేనొక దిక్కు. మెడ, కుడి భుజం నేలకు కొట్టుకున్నయి.

దవాఖానల డాక్టరమ్మ "ఎట్లుందమ్మా" అంటే "బానే ఉన్న తల్లీ" అన్న. మా అమ్మ నేర్పింది గదే. ఎవలడిగినా బాగున్న అనాలె, బాగలేనంటే ఇంటికి కీడట. డాక్టరమ్మ గట్లనే రాసుకున్నది. ఎక్స్‌రే తీస్తే ఎముక ఇరగలే. ఇంటికి పంపిన్రు.

పది దినాలకు మొదలైంది బిడ్డా. భుజం కాంచి వేళ్ల దాక కారం పూసినట్టు మంట. సూడనీకి సెయ్యి మంచిగనే ఉంటది, లోట పట్టుకుంటే జారిపోతది. బర్రె సన్ను పట్టుకుంటే ధార రాదు. మీ తాత ఏమన్నడో ఎరుకేనా? "ఎముకే ఇరగలే, ఇంకెన్ని దినాలే ఈ నాటకం" అన్నడు. నొప్పి కన్న ఆ మాటే ఎక్కువ మండింది నాకు. ఇది అబద్ధం కాదని కోర్టుల రాయిస్త అనుకున్న.

సూర్యాపేట వకీలు కాడికి నేనే పోయిన. ఆయన ఖమ్మం పంపితే నరాల డాక్టరు సూదులు గుచ్చి, కరెంటు పెట్టి సూసి, మెడకాడ నరం దెబ్బతిన్నదని రాసిచ్చిండు. లారోళ్ల మీద కేసేసి మూడేండ్లు కోర్టు సుట్టు తిరిగిన. గప్పుడు బస్సు కిరాయి కోసం కోడిగుడ్లు అమ్మేది. మీకేం, గిప్పుడు ఆడోళ్లను ఉత్తగనే ఎక్కిస్తున్రు.

జడ్జి సారు మంచోడు. నేను బోనెక్కంగనే "బాగున్నవా అమ్మా" అన్నడు. నా నోట్ల మన్నువడ, "మీ దయ, బాగున్న సారూ" అన్న. లారీ ఇన్సూరెన్సోళ్ల వకీలు దిగ్గున లేసిండు. ఆమెనే బాగున్న అంటుంది, దవాఖాన కాయితంల గూడ గదే ఉంది అన్నడు. మన వకీలు తల పట్టుకున్నడు.

నేనూకుంటనా? "సారూ, మీరు మర్యాదకు అడిగిన్రు, నేను మర్యాదకు సెప్పిన. ఒంట్ల సంగతి కావాల్నంటే ఈ సెయ్యినడుగున్రి. ఎవలన్న రెండు వేళ్లియ్యున్రి, పాలు పిండినట్టు పిండుత" అన్న. అందరు నవ్విన్రు. జడ్జి సారు నవ్వలే, బంట్రోతుకు సైగ జేసిండు. ఎడమసేత్తో బంట్రోతు వేళ్లు పిండితే ఆయన మూతి వంకర పోయింది. కుడిసేత్తో పండ్లు బిగబట్టి, సెమటలు కారంగ పిండిన. "పట్టుకున్నట్టే లేదు సార్" అన్నడు. ఇన్సూరెన్స్ వకీలు "నటిస్తుంది" అన్నడు. "అయితే మీ వేళ్లియ్యున్రి" అన్న. ఇయ్యలే.

తర్వాత నరాల డాక్టరొచ్చి సాక్ష్యం సెప్పిండు, తీర్పు మనకే అయింది. పైసలొచ్చినయి, మందులకు పోయినయి, గది ఇడువు.

నేను వేళ్లు పిండిన దినం మీ తాత ఎనక బల్ల మీద కూసోని అంత సూసిండు. తెల్లారి లేసేసరికి ఆయనే బర్రె కింద కూసున్నడు, మోకాళ్ల నడుమ బకీటు పెట్టుకోని. పాలు రాలే, బర్రె తన్నింది గూడ. నన్ను సూసి తల దించుకోని, "ఎట్ల పిండాల్నో జర సెప్పవే" అన్నడు. గన్నేండ్లల్ల గప్పుడే ఏడ్సిన నేను.

రేపు మిర్యాలగూడల పెద్ద డాక్టరు కాడికి పోదాం, నేనొస్త. ఉన్నదున్నట్టు సెప్పు, సిగ్గుపడకు. నీ సెయ్యి సల్లగుండాలె బిడ్డా... ఆ గోడకు ఆనుకో అంటి గదా, మళ్ల వంగి కూసుంటివి...