పట్టు కరగదు

ధర్మవరంలో పట్టుబట్టలు పరీక్షచేసే ల్యాబు. మగ్గం నేసే బాలప్ప, అక్కడే పనిచేసే అతని కూతురు హేమావతి.

“ఆ పోగు కాదు పాపా. ఇదో, ఇది తీసుకో.”

“నువ్విచ్చే పోగు నేను తీసుకోగూడదు నాయనా. నీ చీర నా చేతికి రావడమే తప్పు. సారు లీవులో ఉండాడు కాబట్టి సరిపోయింది.”

“పేకలోది తీసుకో అంటాండా, అంతే.”

“పేకలో అడ్డం పోగు ఒకటి, పడుగులో నిలువు పోగు ఒకటి. రెండూ తీయల్ల. ముందు పడుగుదే పెడ్తా.”

“పడుగు ఎందుకు మళ్ళా? అగ్గిపుల్ల గీసి కాల్చు. ఎంటికలు కాలిన వాసనొస్తే పట్టు. మా నాయన కాలం నుంచి అదే కదా పరీక్ష!”

“దాన్ని ఇప్పుడెవరు నమ్ముతారు? నీ చీరలో పాలిస్టర్ కలిసిందని సావుకారి నాగేశ్వర సొసైటీలో రాసిచ్చినాడు. ఈడ పట్టేనని తేలితే వాని నోరు మూతపడ్తాది. తేలకపోతే నీ మగ్గానికి పట్టు ముద్ర పీకేస్తారు.”

“వాని నోట్లో మన్ను బడ! బుద్ధి తెలిసినప్పటి నుంచి ఆ మగ్గం గుంతలో కూసోని నేస్తాండా నేను!”

“అందుకే భయపడాకు. చూడు, ఈ చిన్న గిన్నెలో మన పోగు. ఈ గిన్నె ఖాళీ. రెండిటికీ ఒకే సెగ. పోగు కరిగిందనుకో, కరిగేటప్పుడు ఎక్కువ సెగ తాగుతాది. ఈ మిషను తెర మీద గీత కిందికి పడ్తాది.”

“పట్టు కరగదు కదా.”

“కరగదు. మాడిపోతాది అంతే. పాలిస్టరైతే రెండొందల యాభై డిగ్రీలు దాటినాంక కరుగుతాది.”

“పాపా! పడింది! గీత పడిందే!”

“ఇంకా నూరే కదా, అది నీళ్ళు. పట్టులో తేమ ఉంటాది, అది ఎగిరిపోతాంది.”

“మన సీమలో నీళ్ళు దాచుకునేది అదొక్కటే అయింటాది.”

“నవ్వించాకు నాయనా. గీత చూడనీ.”

“ఇప్పుడెంత?”

“నూటా ఎనభై.”

“చాల్లే, ఆపేయ్. గీత నేరుగానే ఉండాది కదా.”

“ఈడ ఆపితే ఎవరొప్పుకుంటారు?”

“కరెంటు పోయిందని చెప్పు.”

“నాయనా!”

“ఊరికే అన్నాలేమ్మా.”

“రెండొందల ముప్పై… నలభై… చౌడమ్మ తల్లీ, నువ్వే దిక్కు… యాభై…”

“ఏమైంది?”

“పడింది.”

“నీళ్ళేమో.”

“ఇంత సెగలో నీళ్ళు యాడుంటాయి? కరిగింది నాయనా. నువ్వు కలిపినావా?”

“మిషను చెడిపోయింది.”

“కలిపినావా అంటాండా.”

“చౌడమ్మ సాక్షిగా… మిషను చెడిపోయింది అంటాంటే! కన్నతండ్రి మాట కన్నా ఆ డబ్బా మాట ఎక్కువైందా నీకు? ముద్ర పోతే నేను బజార్లో తలెత్తుకోని ఎట్లా తిరగల్ల?”

“ఏడవాకు నాయనా, నీకు దండం పెడ్తా. నాకూ నమ్మబుద్ధి కాలే. నువ్వట్లాంటోనివి కాదు. సరే, మిషనుదే తప్పేమో, తేల్చేద్దాం. అసలు పట్టేనని మనకు తెలిసిన పోగు ఒకటి పెడ్తా. దానికీ ఇట్లే గీత పడిందంటే మిషను చెడినట్లే. నువ్వు బయటపడ్తావు.”

“అట్లా… అట్లా చెయ్ తల్లీ. యాడైనా ఒక పోగు చూడు.”

“యాడికో పోయేదెందుకు? నేను కట్టుకున్న చీర లేదా? సాయంత్రం పక్కింటి సువర్ణ శ్రీమంతమని నా పెండ్లి చీరే కట్టుకోనొచ్చినా. దీన్ని నేసేటప్పుడు నువ్వు ఎవురినీ మగ్గం దగ్గరికి రానీలేదంట, అమ్మ చెప్పింది. ఇంతకన్నా నికార్సైన పట్టు యాడ దొరుకుతాది?”

“ఆ చీర వద్దు.”

“కొంగులో ఒక్క పోగే. కనపడను కూడా కనపడదు. ఆ కత్తెర ఇట్లియ్యి.”

“హేమా, వద్దంటాండా!”

“ఎందుకు నాయనా? గీత పడితే నువ్వు గెలుస్తావు కదా!”

“మిషను మంచిదే. కలిపినానని రాసుకో, నేను సంతకం పెడ్తా. ఆ చీర ముట్టాకు తల్లీ… అదీ కరుగుతాది.”