కొత్త రక్తనాళాలను నమ్మని డాక్టరమ్మ

ఆసుపత్రి మిత్రులారా, పెద్దలారా, బావగారూ! మా అక్కయ్య సంతాప సభకి ఇంతమంది పనులు మానుకుని వచ్చారు. ఆమె ఉంటే, "వీళ్ళకి నా మీద ఇంత ప్రేమ ఎప్పట్నుంచి?" అని ఓరగా చూసేది. నాకూ ఆ అనుమానమే ఉంది.

కంటి లోపలి పొర మీద, ఉండకూడని చోట కొత్త రక్తనాళాలు మొలుస్తాయి. పల్చటివి. చిట్లితే చూపు పోతుంది. చూడగానే మనం కంటి డాక్టర్లం ఏం చేస్తాం? కాల్చెయ్యమని లేజర్ గదికి పంపేస్తాం. అక్కయ్య మాత్రం, "పిలవని పేరంటానికి ఇవెందుకొచ్చాయి?" అనేది.

ఒక దర్జీ ఆవిడకు షుగర్ ఉంది కాబట్టి నాళాలు షుగర్ వల్లే అన్నారు. అక్కయ్య బాగున్న కన్నే ముందు చూసింది. అది శుభ్రంగా ఉంది. షుగరైతే ఒక్క కంటి మీదే పగబడుతుందా? రంగు మందు ఎక్కించి రెండో కంటి ఫొటోలు తీయించింది. షుగర్ నాళాలు మొలిచేది రక్తం అందని చోట; అలాంటి చోటే లేదు. నాళాల గోడలు వాచి కారుతున్నాయి, అంతే. వాపు మందులతోనే ఆ నాళాలు వచ్చిన దారిన పోయాయి. రక్తం అందక మొలిచినవైతే లేజర్‌కు తానే పంపేది, అదీ చెప్పాలి.

ఒక బస్సు డ్రైవరుకు కంట్లో అలాంటి వాపే తిరగబెట్టింది. మందులు మానలేదని ఒట్టేశాడు. అక్కయ్య అతని బుగ్గలు చూసి, "ఈ మాత్రలు మింగేవాడి మొహం ఇంత సన్నగా ఉండదు నాయనా" అంది. తోటివాళ్ళు బూరెబుగ్గలని వెక్కిరిస్తే మానేశాడట. అక్కయ్య తిట్టలేదు. మొహం ఉబ్బని మందు వెతికిచ్చింది. అలాంటి మనిషిని ఎక్కడ తెచ్చుకుంటాం?

మూడో వరుసలో ఒక పంతులమ్మ కూర్చుంది. ఆమెకు మిగిలింది ఒకే కన్ను. దానిలోనూ కొత్త నాళాలు, దానిలోనూ వాపే. వాపు తగ్గేదాకా లేజర్ వద్దని అక్కయ్య ఆపింది. అక్కయ్య పోయింది, రేపటికి లేజర్ పెట్టేశారు. ఎవరు మార్చారు? నర్సమ్మనడిగితే పైవాళ్ళంది, పైవాళ్ళనడిగితే నర్సమ్మన్నారు. కొత్త యంత్రం ఖాళీగా ఉండటమే కారణమా? వాపున్న కన్ను లేజర్‌తో ఇంకా రేగితే ఆ తల్లి పాఠం ఎలా చెబుతుంది? నాకు భయంగా ఉంది.

లేవండి, అందరం మౌనంగా నిలబడదాం. కళ్ళు మాత్రం మూసుకోవద్దు, పంతులమ్మ వైపు చూడండి. మౌనం ముగిశాక మొదటి మాట, రేపటి లేజర్ ఉందో లేదో, ఇక్కడే ఉన్న లేజర్ గది పెద్దాయనే మాట్లాడాలి. అప్పటిదాకా ఎవరూ కూర్చోకండి.