ఫాల్ ఊడని చీర

అమీర్‌పేట, మైత్రీవనం వెనక సందు. 2002. మధ్యాహ్నం. కుట్టుమిషన్ ముందు మసూదా. సంచిలో చీరతో, మొహానికి కొంగు చుట్టుకుని రెండు సందుల అవతల ఉండే సుమశ్రీ.

"ఫాల్ విప్పాల్నా? పోయిన నెలనే గద కుట్టిచ్చిన. ఒక్క కుట్టు సుత పోలేదు."

"మొత్తం కాదు ఆంటీ. కుచ్చిళ్ల దగ్గర ఒక జానెడు. కాలికింద పడి చిరిగినట్టు ఉండాలి."

"అందరు చినిగింది బాగు చెయ్యమంటరు, నువ్వేంది... ఆ కొంగు తియ్యి జర. మొహం మీదికెళ్లి తియ్యి."

"ఏం లేదండీ. పడ్డాను."

"యా అల్లా! కన్ను ఉబ్బి మూసుకపోయింది గద బిడ్డా! మూతి సుత పగిలింది."

"మెట్ల మీద."

"పోయినసారి బాత్‌రూంల పడ్డవ్. అంతకుముందు బస్సు దిగుతుంటే పడ్డవ్. నీ ఒక్కదానికే అమీర్‌పేట అంత జారుడుబండ అయిందా?"

"మా స్పోకెన్ ఇంగ్లీష్ సారు రోజుకో మాట ఇచ్చి పది వాక్యాలు రాసుకురమ్మంటారండీ. మొన్న ఫాల్ ఇచ్చారు. ధరలు పడిపోతే ఫాల్. జబ్బున పడితే ఫాల్. నిద్రలోకి జారితే ఫాల్. ప్రేమలో..."

"ప్రేమల సుత పడుడేనా?"

"అదీ పడటమేనండీ."

"మంచిగ పెట్టిండ్రు ఇంగ్లీషోళ్లు. నాకు తెల్సిన ఫాల్ ఒక్కటే, రెండున్నర మీటర్లది. ఏదీ, నీ నోటుబుక్కు చూపియ్యి."

"చింపేశారు."

"ఎవరు? మీ ఆయన తారక్ సారా?"

"ఆయన్ని కంపెనీ తీసేసి ఏడాదైంది కదండీ. నాకు కాల్‌సెంటర్‌లో ఉద్యోగం వచ్చిందని పొద్దున చెప్పాను. అంతే... ఆంటీ, ఫాల్ త్వరగా..."

"ఆగు. ఇరవయ్యేండ్ల సంది ఫాల్ కుడుతున్న. చీర కాళ్లల్ల పడితే ముందు ఫాల్ ఊడుతది, తర్వాత మోకాలు పగుల్తది. నీ ఫాల్ పదిలంగ ఉంది. చినిగింది గీడ, భుజం మీద, పిన్ను కాడ. పిన్ను బట్టను చీల్చుకుంట పోయింది. ఎవరో కొంగు పట్టి గుంజిండ్రు."

"ఆంటీ, టైం లేదు."

"చెప్తేనే విప్పుత. గుంజిండా?"

"మెట్ల పైన. కొంగు మెడకి చుట్టి గుంజారు. తల గోడకేసి కొట్టారు. కొట్టిన చోటే మళ్లీ కొట్టారు. ఊపిరాడలేదు."

"గీ నెత్తురు?"

"నాదేనండీ. కొంత."

"దవాఖానకు పోయినవా?"

"అక్కణ్ణించి ఇంటికెళ్లి వస్తున్నా. పంజాగుట్టలో. మెట్ల మీద నుంచి ఫాల్ అనే రాసుకున్నారు డాక్టరుగారు."

"మల్ల అదే అబద్ధమా! లే. నేను చెప్పులేసుకుంట, ఠాణాకు పోదాం. గీ చీర చూపిస్త, సాక్ష్యం నేనే చెప్త. వాన్ని ఇంకెన్ని దినాలు కాపాడుతవ్?"

"ఆయన్ని కాదండీ. పోలీసులు ఆసుపత్రికే వచ్చారు. ఇద్దరం దిగుతుంటే చీర నా కాలికి అడ్డం పడిందని చెప్పాను. కొంగు కూడా అప్పుడే చిరిగిందన్నాను. ఆసుపత్రికి వెళ్లే ముందు మార్చుకున్న ఆ చీర పట్టుకురమ్మన్నారు."

"నువ్వు పడితే పోలీసులెందుకొస్తరు?"

"ఈసారి పడింది నేను కాదు ఆంటీ. ఊపిరాడక తోశాను. పదహారు మెట్లు. ఆయన మళ్లీ లేవలేదు."

"తలుపు దగ్గరికెయ్యి. ఆ కత్తెర... వద్దు, కత్తెరతోని కోస్తే తెలిసిపోతది. నువ్వు గట్టిగ పట్టుకో. నేను తొక్కి గుంజుత."