పలుకురాయి నీడ

నువ్వా! ఇన్నాళ్ళూ నేను కుళ్ళి కుళ్ళి చచ్చింది నీ గురించా? ఓరి గాడిదా! తిట్టడం కాదులే, నువ్వు నిజంగానే గాడిదవి. నీళ్ళవాడి గాడిదవి.

మళ్ళీ ఆనుకుంటున్నావూ? ఆనుకో, ఆనుకో. ఆ రాయి ఎలా అరిచిందో ఇందాక విన్నావుగా. అదిరిపడి వెనక్కి గెంతావు, మళ్ళీ వచ్చి అక్కడే భుజం ఆనించావు. అప్పుడు కనబడింది నాకు ఆ భుజం. బరువు తాడు ఒరుసుకుపోయి వెంట్రుక మొలవని మచ్చ. అది చూశాక, ఇదిగో, ఈ మెట్టు మీద కూలబడ్డా.

ఏంటా చూపు? చెప్తా, ఉండు. చెప్పకపోతే నాకు తిన్నది అరగదు.

ఈ పాడుపడ్డ పట్నం వదిలి జనం వెళ్ళిపోయి వెయ్యేళ్ళు దాటిందంటారు, దీన్ని తవ్విస్తున్న పండితులు. ఇళ్ళకి కప్పుల్లేవు, వాకిళ్ళకి తలుపుల్లేవు. మెట్లు మాత్రం ఆకాశంలోకి ఎక్కి అక్కడే ఆగిపోతాయి. పోతూ పోతూ వాళ్ళు గొంతులు ఇక్కడే వదిలేసిపోయారు. గోడల్లో అక్కడక్కడా తెల్లటి రాళ్ళున్నాయే, పలుకురాళ్ళు, వాటిలో. నోరు మూసుకుని ఆనుకున్నావనుకో, ఒంటి వెచ్చదనం తగిలి రాయి తనలో ఉన్న మాట చెప్తుంది. ఆనుకుని నోరు తెరిచావో, పాత మాట పోయి నీ మాట పడుతుంది. ఇక పాతది ఎంత ఏడ్చినా రాదు. బజారు వీధిలో ఒక రాయి వెయ్యేళ్ళుగా తుమ్ముతూనే ఉంది. ఎవడి జలుబో ఏమో!

నా ఉద్యోగం అందుకేగా! కోట వాకిట్లో బుట్టెడు గుడ్డలు పెట్టుకుని, లోపలికొచ్చే ప్రతివాడి నోటికీ గుడ్డ కట్టి పంపడం. ఉతకడం నేనే, ఆరేయడం నేనే, ముడెయ్యడం నేనే.

ఊరందరి నోళ్ళూ కట్టేవాణ్ణి. మరి నా నోరు ఎవరు కడతారు? సాయంత్రం ఇంటికెళ్ళి నా గుడ్డ విప్పానంటే ఇక గండి పడ్డట్టే. ఎవరి మీసం గుడ్డలోంచి ఎలా బయటికొచ్చింది, ఏ పండితుడు దగ్గాపుకోలేక ఎలా పరిగెత్తాడు, పొద్దున్నుంచి కడుపులో దాచుకున్నవన్నీ మా ఆవిడ ముందు గుమ్మరించేవాణ్ణి. ఆవిడ "ఊఁ" అనేది. పక్కింటి దర్జీ గోడ అవతల్నించి అనేవాడు, "కాస్త ఊపిరి తీసుకోవయ్యా, ఆ సందులో ఆవిడ కూడా ఒక మాటంటుంది" అని. నేను పడీపడీ నవ్వేవాణ్ణి.

ఆవిడ పని ఈ వీధిలోనే. తవ్వి తీసిన గోడలకి దుమ్ము దులిపేది. చేతిలో కుంచె, నడుముకి తడిబట్ట, నోటికి గుడ్డ. ఆ గుడ్డ కూడా రోజూ నేనే కట్టేవాణ్ణి. పోయిన చలికాలం జ్వరం తగిలి మంచం పట్టింది. ఆఖర్న ఏదో చెప్పబోయింది. "నువ్వు మాట్లాడకు, అలిసిపోతావు" అని నేనే మాట్లాడుతూ కూర్చున్నా. మాట్లాడుతూండగానే పోయింది.

ఆవిడ పోయిన కొన్నాళ్ళకి పండితులు ఒకటే గంతులు. ఆవిడ ఆఖర్న దులిపిన గోడలో, ఈ రాయిలో రాణీగారి గొంతు దొరికిందట! అందరితోపాటు నేనూ వరసలో నించున్నా. చెయ్యి ఆనించా.

"వచ్చావా? ఎంత ఎండో చూడు. రా, నీడకి రా. భుజం మానిందా? ఏదీ, చూడనీ. అయ్యో, ఇంత బరువు ఎందుకు మోస్తావు? ఇప్పుడెవరూ లేరులే. నేనున్నాగా."

మా ఆవిడ గొంతు! నోటికి గుడ్డ లేకపోతే అక్కడే గావుకేక పెట్టేవాణ్ణి.

ఏం జరిగిందో ఇట్టే తెలిసిపోయింది: దులుపుతూ దులుపుతూ ఆవిడ గుడ్డ కిందకి లాక్కుని మాట్లాడింది, రెండో చెయ్యి రాయి మీద ఉందన్న సంగతి మర్చిపోయింది. దులిపేవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యని పొరపాటు అది. అందులో అంతకుముందు ఎవరి గొంతుండేదో, ఒక్కరూ వినకుండానే పోయింది. తెలిస్తే పనిలోంచి తీసేస్తారని నోరు మూసుకుంది. సరే, పై వాళ్ళకి చెప్పకపోతే మానె, నాకైనా చెప్పాలా వద్దా?

పండితులైతే పొంగిపోయారు. రాణులు కూడా మనలాగే మాట్లాడుకునేవాళ్ళట! భుజానిది యుద్ధంలో రాజుగారికి తగిలిన గాయమట. బరువంటే రాజ్యభారమట. ఇంకొకప్పుడైతే పొట్ట పట్టుకుని నవ్వేవాణ్ణి.

పోయిన మనిషి గొంతు దొరికితే ఎవడైనా ఏడుస్తాడు. నాకు ఏడుపు రాలేదు. కడుపు మండింది. జుట్టు నెరిసేదాకా కాపురం చేశాం. ఒక్కనాడైనా "ఎంత ఎండ, నీడకి రా" అందా నన్ను? నేనేమన్నా గొడుగు కింద కూర్చున్నానా? ఆ వాకిట్లో మాడు పగిలిపోయే ఎండ!

పైగా రోజూ నేనే జనానికి గుడ్డలు కట్టి పంపాలి, నా పెళ్ళాం గొంతు వినడానికి! కుర్రాళ్ళు విని కళ్ళు తుడుచుకుంటూ వచ్చేవాళ్ళు. కొత్తగా పెళ్ళైన జంటలు చేతి మీద చెయ్యేసుకుని వినేవాళ్ళు. వాళ్ళని చూస్తే ఒళ్ళంతా కారం రాసుకున్నట్టుండేది.

ఎవడు వాడు? నాకదే ధ్యాస. భుజం దెబ్బ ఎవడికుంది? రాతిపనివాడికి! దిమ్మె జారి మీద పడి భుజం విరగ్గొట్టుకున్నాడు. పని చేసేదీ ఈ వీధిలోనే. పొడగరి, ఉంగరాల జుట్టు, అడక్కుండానే నవ్వే మొహం. ఇంకేం కావాలి? అప్పట్నుంచి వాడికి గుడ్డ ముడి చెవులు ఎర్రబడేలా బిగించేవాణ్ణి. "కాస్త వదులు చెయ్యన్నా" అనేవాడు పాపం. పాపమేంటి పాపం, అప్పుడు అలా అనుకోలేదులే. ఇంకో చుట్టు తిప్పేవాణ్ణి.

నిన్న సాయంత్రం గుడ్డ తిరిగిస్తూ వాడేమన్నాడో తెలుసా? "ఆ గొంతు వింటే నా భుజం నొప్పి ఎక్కడికి పోతుందో అన్నా!" అన్నాడు.

అంతే. ఇవాళ పొద్దున్నే, జనం రాకముందే వచ్చా. గుడ్డ కట్టుకోలేదు. తిన్నగా వచ్చి ఈ రాయి మీద అరచెయ్యి పెట్టా. "వచ్చావా?" అంది.

అంతవరకే అననిచ్చా. "ఎవడు వాడు? నాకు లేని ముచ్చట ఎవడికే? ఎవడు వాడు?" అని అరిచా. పొద్దున్నుంచి ఈ వీధిలోకి ఎవర్నీ రానివ్వలేదు.

నువ్వు భుజం ఆనిస్తే రాయి అరుస్తున్నది అదే. అది నా గొంతు. అది ఎవడు వాడు, ఎవడు వాడు అని అడుగుతూంటే నువ్వు దాని ముందు చెవులాడిస్తూ నించున్నావు. ఇంతకంటే తిన్నగా ఎవరు జవాబు చెప్తారు?

మధ్యాహ్నం జనాన్ని బయటికి పంపేసి వాకిట్లో గదిలో నేను కునుకు తీసే వేళ ఇది. నీళ్ళవాడు కుండలు దించి నిన్ను వదిలేసే వేళ. అప్పుడన్నమాట మీ ముచ్చట్లు! ఆవిడ పోయాక కూడా రోజూ వచ్చి వింటున్నావన్నమాట. గోడ మీద నీ భుజమంత ఎత్తున జిడ్డు మెరుపు ఉంది చూడు. రాణీగారు చేతులకి రాసుకున్న నూనె అన్నారు పండితులు.

నీ నోటికి ఎవరూ గుడ్డ కట్టలేదు. ఆనుకుని ఒక్కసారి ఓండ్ర పెట్టుంటే ఆ గొంతు ఏనాడో పోయేది. నువ్వు పెట్టలేదు. గాడిదకేం తెలుసు గంధం పొడి వాసన అంటారు. నీకే తెలిసింది. గుడ్డలు కట్టే నేనే నోరు తెరిచా. కంచే చేను మేసిందంటే ఇదే మరి.

రేపు పండితులొచ్చి ఏమంటారో నేనిప్పుడే చెప్పగలను. రాణి వెళ్ళిపోయి రాజు బయటికొచ్చాడంటారు. అనుమానపు రాజు! జనం వరసలో నించుని నా కేక విని నవ్వుకుంటూ పోతారు. వాళ్ళకీ నేనే కట్టాలి గుడ్డలు.

ఉండు. నేనే అంటా ఆ మాటలు. రాయిని తాకనులే. "వచ్చావా? ఎంత ఎండో చూడు. రా, నీడకి..."

ఛీ! పిలిచినట్టు లేదు, కసిరినట్టుంది. నువ్వు తలైనా తిప్పలేదు.

ఇంత జరిగాక కూడా, నిజం చెప్తున్నా, నీ మీద కుళ్ళు పోలేదు. నేను గోడలో విన్నది నువ్వు ఎదురుగా విన్నావు. ఆవిడ చెయ్యి నీ భుజం మీద ఉండగా విన్నావు. మధ్యలో ఒక్కసారీ అడ్డు తగల్లేదు నువ్వు. అందుకే నీకు చెప్పుకుందేమో.

జరుగు కాస్త. నాకూ ఎండగానే ఉంది. నీకున్నంతేసి చెవులు నాకూ ఉండుంటే, ఆవిడ మాట ఇంట్లోనే వినిపించేదేమో.