డీజిల్ విద్యుత్ కేంద్రాన్ని కాపాడిన భయం

పందొమ్మిది వందల తొంభై ఒకటో సంవత్సరం జూన్ మూడవ తేదీన మా డీజిల్ విద్యుత్ కేంద్రంలో సహాయక ఆపరేటరుగా విధుల్లో చేరిన మాన్యులు, నేడు పదవీ విరమణ చేస్తున్న మన షిఫ్ట్ ఇంజనీరు గారు, ఆనాడు ఇంజన్ గది గుమ్మం దగ్గరే ఆగిపోయారు. లోపల హోరు అలా ఉంది మరి. "ఇది పేలదు కదండీ?" అని అడిగితే అందరూ పగలబడి నవ్వారు. ఏ పని మొదలుపెట్టినా "మెల్లగా, మెల్లగా" అనడం వల్ల ఆ వారంలోనే వారికి 'మెల్లగా గారు' అనే బిరుదు ఖాయమైంది. సభా లేదు, సన్మానమూ లేదు, బిరుదు మాత్రం దక్కింది!

బయటినుంచి ఊరికి కరెంటు తెచ్చే పెద్ద లైను సవ్యంగా ఉన్నంతకాలం మాబోటి చిన్న కేంద్రాలు ఎవరికీ గుర్తుండవు. గాలివానకు స్తంభాలు ఒరిగితే మాత్రం నీళ్ల పంపులకూ, ఆసుపత్రికీ మా రెండు ఇంజన్లే దిక్కు. ఆపరేటరుగా, ఫోర్‌మన్‌గా, ఇంజనీరుగా వారు ఒక్కొక్క మెట్టే ఎక్కుతుంటే, భయం తగ్గకపోగా హోదాతో పాటే పెరిగింది. ఇంట్లో ఫ్యాను కీచుమన్నా ఉలిక్కిపడి లేచేవారని వారి శ్రీమతి గారు ఇప్పటికీ దెప్పుతుంటారు.

ఆ భయం విలువ మాకు ఒక తుపాను రోజున తెలిసివచ్చింది. దిగిపోయే షిఫ్టువారు, వచ్చేవారికి శ్రమ లేకుండా, ఆగి ఉన్న ఇంజన్లలో కందెనగా పోసే ఆయిల్ నింపి వెళ్లడం మా కేంద్రంలో ఒక మర్యాద. ఆనాడు వానలో తడుస్తూ ఆలస్యంగా వచ్చినవారు, పాతవారు నింపి ఉండరనుకొని, మళ్లీ పోశారు. లైను పోగానే మొదటి ఇంజన్ వేశారు. కొంతసేపటికి దాని హోరు కేకగా మారింది. మెల్లగా గారు డీజిల్ కట్టేసినా అది ఆగలేదు. ఎక్కువైన ఆయిల్‌నే తాగుతూ ఇంకా పరుగెత్తింది. నేల అదిరింది, పొగ కమ్మింది.

"పేలిపోద్ది, బయటికి రండి!" అని ఎలక్ట్రీషియన్ అరిచాడు.

ఆ క్షణాన ఆసుపత్రిలో వారి కూతురికి కాన్పు ఆపరేషన్ జరుగుతోంది. ఇంజన్ ఆపితే అక్కడ చీకటి, ఆపకపోతే ఇక్కడ ప్రాణాలు దక్కవు. వారు వణికిపోతూనే ఒక మందపాటి చెక్కను ఇంజన్ గాలి పీల్చే గొట్టం మూతికి అడ్డంపెట్టి, ఒళ్లంతా ఆనించి నొక్కారు. ఊపిరాడని ఇంజన్ ఎగిరెగిరి పడి ఆగింది. ఊరూ ఆగింది.

వెంటనే ఆసుపత్రి నుంచి శ్రీమతి గారి ఫోను. "ఏమండీ, కరెంటు పోయింది! అమ్మాయి ఇంకా లోపలే ఉంది. టార్చిలైట్లు పట్టుకుని చేస్తున్నారు. తొందరగా ఇవ్వండి!"

"రెండోది వేసేయండి సార్, ఇంకా చూస్తారేంటి?" అని అందరూ మీదపడ్డారు. వారి చెయ్యి స్టార్టు మీటదాకా వెళ్లి, వెనక్కి వచ్చింది. రెండో ఇంజన్‌లో ఆయిల్ మట్టం చూసే కొలత పుల్ల తీసి చూస్తే, అందులోనూ ఆయిల్ గీత దాటి ఉంది.

"ముందు ఆయిల్ తీయండి," అన్నారు.

"లోపల మీ అమ్మాయి సార్!"

"తెలుసురా! ఇదీ పోతే ఇంకేం ఉంది మనకి? తీయండి!"

ఆ ఆయిల్ డబ్బాలోకి సన్నగా కారుతున్నంతసేపూ మరో రెండుసార్లు ఫోను మోగింది. వారు ఎత్తలేదు. ఎత్తితే ఏం వినాల్సివస్తుందోనని భయం. గీత దగ్గరికి దిగాకే మీట నొక్కారు. ఇంజన్ నిలకడగా తిరిగి ఆసుపత్రిలో దీపాలు వెలిగాక, అక్కడే నేలమీద చతికిలబడి వెక్కివెక్కి ఏడ్చారు.

అమ్మాయి బతికింది, మనవరాలూ బతికింది. శ్రీమతి గారు మాత్రం చాలాకాలం వారితో ముభావంగానే ఉన్నారు. ఒకనాడు మా అందరి ముందే అడిగేశారు: "మీ చెయ్యెలా వెనక్కి వచ్చిందండీ, కన్నకూతురు చీకట్లో ఉంటే?"

"భయమేసింది," అన్నారు వారు.

మాన్యులు సంపూర్ణ ఆరోగ్యంతో, భార్యాబిడ్డల నడుమ, నిండు నూరేళ్లు వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాము. ఇకపై గాలివాన వచ్చి కరెంటు పోయినప్పుడు వారు అటు తిరిగి పడుకుని హాయిగా నిద్రపోవాలి. భయపడటానికి ఇక్కడ మేమున్నాము.