రెండు మిల్లీమీటర్లు తక్కువ

అధ్యక్షస్థానంలో, నా కుర్చీ కంటే ఎత్తైన కుర్చీలో, నా కంటే ఇబ్బందిగా కూర్చున్న మా మేనేజరు గారికి, ఆయన పక్కనున్న నగల వర్తకుల సంఘం పెద్దలకి, ఎదురుగా ఉన్న నా తోటి ఉద్యోగులకి, మా ఆయనకి, మా ఇంటివాళ్లందరికీ, సభ సంగతి ఎలా ఉన్నా చివర్లో టిఫిను ఉందని తెలిసి వచ్చిన మిగతా మిత్రులకీ నమస్కారాలు. (నవ్వులు)

ముందే చెప్పేస్తున్నాను, నాకు ప్రసంగాలు రావు. ఇవాళ రిటైరవుతున్నాను కానీ, ఈ ముప్పై ఒక్క ఏళ్లుగా నేను మాట్లాడిందంతా ఒక్కొక్కరి చెవి దగ్గరే, అదీ "కదలకండి", "ఊపిరి పీల్చండి", "అయిపోయింది, చూసుకోండి" అన్న మూడు ముక్కలే. ఇంతమంది చెవులకి ఒకేసారి వినపడేలా మాట్లాడటం ఇదే మొదలు. "ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడెయ్" అన్నారు మా ఆయన పొద్దున. కాసేపాగి, ఏం గుర్తొచ్చిందో ఏమో, "వద్దులే, రాసుకుని వెళ్లు" అన్నారు. (నవ్వులు) అందుకని నాలుగు కాగితాలు రాసుకొచ్చాను. అందులో ఒక విషయం ఉంది. ఈ హాల్లో కూర్చున్న ఒకరికి నేను ఇరవై రెండేళ్ల కిందటే చెప్పాల్సిన విషయం అది. ఇవాళ చెప్పకపోతే ఇక చచ్చినా చెప్పను, నా సంగతి నాకు తెలుసు. కాబట్టి మేనేజరు గారూ, నేను కబుర్లు చెప్పీ చెప్పీ అది దాటేసి కిందికి దిగిపోబోతే, దయచేసి నన్ను ఆపండి.

మా నగల దుకాణం పై అంతస్తులో, మెట్లెక్కగానే ఎడమపక్కన ఉంటుంది నేను చెవులూ ముక్కులూ కుట్టే గది. తెల్ల టైల్సు, ఒక వాలుకుర్చీ, మెడ వంచే దీపం, చేతులు కడుక్కునే సింకు, సూదుల్ని ఆవిరిలో ఉడకబెట్టే పెట్టె, చిన్న చిన్న సొరుగుల బీరువా. నేను చేరిన రోజున అక్కడ మా మాస్టారుండేవారు. ఎవరూ ఆయన్ని పేరుతో పిలవగా నేను వినలేదు. సూది పట్టుకోవాలని ఉబలాటపడుతూ వెళ్లిన నాకు ఆయన ఒక స్టీలు స్కేలు చేతికిచ్చి, "ఆరు నెలలు ఇదే నీ సూది" అన్నారు. ఆరు నెలలూ కొలవడమే. వచ్చినవాళ్ల చెవి తమ్మెలు, ముక్కుపుటాలు, బొడ్లు, కనుబొమలు, అన్నీ. ఎవరూ రాని రోజున సిబ్బంది చెవులు. ఆ లెక్కన, మేనేజరు గారి ఎడమ చెవి తమ్మె మందం నాలుగు మిల్లీమీటర్లు, కుడిది నాలుగున్నర. ఈ సంగతి ఆయనకి కూడా ఇవాళే తెలుస్తోంది. (నవ్వులు. మేనేజరు గారు చెవి తడుముకుంటారు.)

బయటివాళ్లు అనుకుంటారు, ఇందులో ఏముంది, చిల్లు పెట్టడం, దిద్దు దూర్చడం, ఇంతేగా అని. కాదండీ బాబూ! చిల్లు పెట్టడం అర నిమిషం. అసలు పనంతా ఏ సైజు దిద్దు పెట్టాలో తేల్చడంలోనే ఉంది. కాడ ఎంత లావుండాలి, ఎంత పొడుగుండాలి, రింగైతే లోపల ఎంత వెడల్పుండాలి. లావు దగ్గర ఒక చిక్కుంది, దాన్ని చెప్పే గేజి నంబరు పెరిగేకొద్దీ కాడ సన్నబడుతుంది. మా పక్క వీధి మంగలిషాపు ఆయనకి ఈ సంగతి తెలీదు. ఫోను చేసి, "అమ్మా, నాకు చెవికి దిట్టమైన రింగు కావాలి, పన్నెండో పద్నాలుగో కాదు, ఏకంగా ఇరవై నంబరు పంపించెయ్యండి" అన్నాడు. "అయ్యా, ఒకసారి వచ్చి..." అంటున్నా వినిపించుకోడే! పంపించాం. సాయంత్రానికి ఊడిపడ్డాడు, దారప్పోగు లాంటి రింగు చూపుడు వేలికి తగిలించుకుని. "ఇది రింగా, దోమ మీసమా?" అన్నాడు. (నవ్వులు) కూర్చోబెట్టి కొలిచి సరైనది పెట్టాను. ఇప్పటికీ మా ఆయనకి క్రాపు చేస్తున్నంతసేపూ ఆ కథే చెబుతాడట.

పొడుగు దగ్గర ఇంకో తంటా. కొత్తగా కుట్టిన చోటు వాస్తుంది, ఎవరిదైనా సరే వాస్తుంది. అందుకని మొదటిసారి పెట్టే దిద్దుకి కాడ పొడుగ్గా ఉండాలి, వాపుకి జాగా వదలాలి. రెండు మూడు నెలలకి వాపు పూర్తిగా తగ్గాక మళ్లీ వస్తే, అప్పుడు కొలిచి, ఒంటికి అతుక్కున్నట్టుండే పొట్టి కాడ వేస్తాం. "మొదటి దిద్దు పుండు కోసం, రెండో దిద్దు అద్దం కోసం" అనేవారు మాస్టారు. ఇది చెబితే ఎవరికీ నచ్చదు. బ్యాంకులో పనిచేసే ఒకావిడ అద్దంలో చూసుకుని, "ఏమిటండీ ఇది, ముందుకి పొడుచుకొచ్చి టీవీ యాంటెన్నాలా ఉంది!" అని ఒకటే గోల. అందరికీ మొదటి రోజే ముద్దుగా ఉండాలి. నేను మాత్రం ఒప్పుకునేదాన్ని కాదు. ఈ గదిలోంచి కొలత లేకుండా ఒక్క మనిషినీ పంపలేదని నాకు పేరు. ఇందాక మీరంతా ఒకరి తర్వాత ఒకరు లేచి ఆ మాటే చెప్పారు. నేను తల వంచుకుని కూర్చున్నాను. వినయం అనుకుని ఉంటారు. కాదు.

(కాగితం మడుస్తారు.)

ఇరవై రెండేళ్ల కిందట మా ఆడపడుచుకి లెక్కల టీచరుగా ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. గురువారం మధ్యాహ్నం నా గదికి పరుగెత్తుకొచ్చి, "వదినా, చెవి పైభాగంలో చిన్న రాయి పెట్టు, క్లాసులో బోర్డు వైపు తిరిగినప్పుడు తళుక్కుమనాలి" అంది. అప్పటికి నాకు తొమ్మిదేళ్ల అనుభవం, అంతకు రెట్టింపు పొగరు. ఇంటి పిల్లేగా, రోజూ చూసే చెవేగా, దీనికి స్కేలెందుకు అనుకున్నాను. బయట అందరికీ చెప్పే మాట సొంత మనిషికి చెప్పలేదు. ఎనిమిది మిల్లీమీటర్ల కాడ పెట్టాల్సిన చోట, సోమవారానికి అందంగా ఉంటుందని ఆరు పెట్టాను. అద్దంలో చూసుకుని నన్ను వాటేసుకుంది.

సోమవారానికి చెవి బూరెలా పొంగింది. దిద్దు ముందు బిళ్ల లోపలికి దిగబడిపోయింది. మొదటి రోజు క్లాసు మానేసి, ఆసుపత్రికి వెళ్లి తీయించుకుని, ఇంటికొచ్చి పడుకుంది. నేను వెళ్లేసరికి చెవికి కట్టు. మా ఆయన గుమ్మంలోనే, "ఏమైంది? నువ్వేగా కుట్టావు?" అన్నారు. అప్పుడు, అందరి ముందూ, నేనేమన్నానో తెలుసా? "నా పనిలో లోపమేం లేదు. దాని ఒంటికి లోహం పడదు, కొంతమందికి అంతే" అన్నాను. అబద్ధం అండీ. పచ్చి అబద్ధం. రెండు మిల్లీమీటర్లు తక్కువ పెట్టాను, అంతే జరిగింది.

ఆ మాట మా ఆడపడుచు పట్టేసుకుంది. ఉద్యోగంలో చేరినందుకు వాళ్లన్నయ్య చేతిగడియారం కొనిస్తే, "నా ఒంటికి పడదుగా" అని పక్కన పెట్టింది. కళ్లజోడు ప్లాస్టిక్‌ది వేయించుకుంది. మా ఇంటికి ఎవరొచ్చినా, నా ఎదురుగానే, "నాకు లోహం పడదండీ, మా వదిన చెప్పింది, ఆవిడకి తెలియనిదేముంది" అనేది. నేను గబుక్కున లేచి వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని. ఇరవై రెండేళ్లలో ఆ వంటింట్లోకి అలా ఎన్నిసార్లు వెళ్లానో!

ఇదంతా ఇప్పుడెందుకంటారేమో. నా తర్వాత ఆ కుర్చీ, దుకాణంలో మేమంతా చిన్నావిడ అని పిలిచే అమ్మాయిది. ఆరేళ్లుగా నా పక్కనే పనిచేస్తోంది, నా కంటే మెత్తని చెయ్యి. పోయిన వారం వాళ్లక్కయ్య ముక్కు కుట్టించుకోవడానికొస్తే, చిన్నావిడ స్కేలు ముట్టుకోకుండానే సొరుగు లాగింది. "కొలవవే?" అంటే, "మా అక్కే కదండీ" అంది. చిన్నావిడా, ఆ రోజు నిన్ను కసిరాను, ఎందుకు కసిరానో చెప్పలేదు. ఇదీ సంగతి. మనవాళ్లని రెండుసార్లు కొలువు తల్లీ. మనం ఏం పెట్టినా వాళ్లు అద్దంలో చూసుకుని మురిసిపోతారు.

ఇక, మూడో వరసలో కూర్చున్న మా ఆడపడుచూ. అమ్మాయ్, నీ ఒంటికేం లోటు లేదు. అన్నీ పడతాయి. తప్పు నాది, నీ మీదకి నెట్టేశాను. నన్ను క్షమించు. చిన్నావిడ చేత కొలిపించి, ఆ చెవికి మళ్లీ...

(మూడో వరసలోంచి మాట వినిపిస్తుంది.)

ఏమిటీ? వినపడలేదు. ఆ మైకు కాస్త అందించండమ్మా.

(ఆడపడుచు మైకు అందుకుని: "నాకు తెలుసు వదినా అన్నాను. ఆ రోజే తెలుసు. దిద్దు తీసిన నర్సమ్మే అడిగింది, 'ఇంత పొట్టిది ఎవరు పెట్టారమ్మా' అని." సభలో కలకలం.)

ఆ రోజే? నేనా మాట అనేటప్పటికే తెలుసా?

("తెలుసు. అన్నయ్య ముందు నీ పరువు తీయడమెందుకని నోరు మూసుకున్నాను. మనిద్దరం ఉన్నప్పుడు చెబుతావులే అనుకున్నాను. చెప్పలేదు. సరే, ఎన్నాళ్లు చెప్పదో చూద్దామని, నీ ముందల్లా 'నాకు పడదు, నాకు పడదు' అని గుచ్చుతూనే ఉన్నాను. నువ్వేమో వంటింట్లోకి పారిపోతావు!" నవ్వులు.)

మరి గడియారం? మీ అన్నయ్య ఎంత బాధపడ్డారో తెలుసా?

("రోజూ స్కూలుకి పెట్టుకెళుతున్నాను. మీ ఇంటి మెట్లెక్కే ముందు తీసేస్తాను, అంతే." పెద్దగా నవ్వులు. చప్పట్లు. ప్రసంగిస్తున్నావిడ భర్త లేచి నిలబడి, మళ్లీ కూర్చుంటారు.)

ఓసి నీ లెక్కలు తగలెయ్య! ఇరవై రెండేళ్లు! (కళ్లజోడు తీసి తుడుచుకుంటారు.) సరే, నేను మొండిదాన్ని, నువ్వు నన్ను మించినదానివి. ఇప్పుడైనా రా, పైకి వెళదాం. ఆ చెవికి మంచి రాయి...

("అక్కర్లేదు వదినా. రాయి మీద మోజు ఎప్పుడో పోయింది. ఈ ఒక్క మాట కోసమే చూశాను.")

(మిగిలిన కాగితాలు విప్పి చూస్తారు.)

నా దగ్గర ఇంకా ఒకటిన్నర కాగితం ఉంది. అందులో మేనేజరు గారికి, సంఘం పెద్దలకి, ఈ శాలువా ఎంచిన వారికి, మైకు మోసిన వారికి, నా చేతికి చెవి అప్పగించి కళ్లు మూసుకున్న ప్రతి మనిషికీ వరసగా కృతజ్ఞతలు రాసుకున్నాను. అవన్నీ చదివినట్టే అనుకోండి, ఇప్పుడు నాకు అక్షరాలు కనపడటం లేదు. మీరంతా చల్లగా ఉండాలి. నేను వేదిక మీద కూర్చోను మేనేజరు గారూ, ఏమీ అనుకోకండి, కిందికి దిగి వెళ్లి మా ఆడపడుచు పక్కన కూర్చుంటాను.

అమ్మాయ్, ఆ కుర్చీ మీద సంచీ తియ్యి. వస్తున్నాను. సెలవు.