పచ్చ తువ్వాలు

(1998, ఆషాఢమాసం. రాజమండ్రిలో మానసిక వైద్యుడు శశిభూషణ్‌గారి గది. ఎదురుగా అమలాపురం నుంచి వచ్చిన సూర్యకళ, ఆవిడ భర్త చంద్రరావు.)

"...అలా పెదాలు ఆడిస్తూనే ఉంటారండి డాక్టరుగారూ. అన్నం తింటూ, గడ్డం గీసుకుంటూ, ఆఖరికి మా నాన్నగారి తద్దినం నాడు కూడా! చూస్తుంటే రోత పుడుతోందండి."

"ఏమంటారమ్మా, అలా పెదాలాడిస్తూ?"

"రైలుని పిలుస్తారండి."

"రైలునా?"

"అమలాపురానికి రైలెక్కడేడిసిందండీ? పట్టాలే లేవు కదా! ఈయనకి మాత్రం మా వంటింటి పక్కనే స్టేషను. పోస్టాఫీసులో గుమాస్తా, నలభై మూడేళ్ళ మనిషి. ఛీ, చెప్పుకోడానికే సిగ్గు."

"చంద్రరావుగారూ, మీరు చెప్పండి. ఏం రైలండి అది?"

"ఆయ్, ప్యాసింజరండి. కోటిపల్లి దగ్గర గోదావరి దాటి, ముక్తేశ్వరం, అమలాపురం, రాజోలు మీదుగా నరసాపురం..."

"చూశారా! చూశారా, మొహంలో ఆ వెలుగు! అసహ్యం."

"ఉండమ్మా, ఒక్క నిమిషం. చంద్రరావుగారూ, కూత వినిపిస్తుందాండీ మీకు?"

"లేదండి. నేనే కూస్తాను, మనసులో."

"పట్టాలు కనిపిస్తాయా?"

"అక్కడున్నవి కొబ్బరిచెట్లు కదండి. అవే కనిపిస్తాయి."

"ఇంతకీ ఆ రైలు ఉందంటారా, లేదంటారా?"

"లేదండి. ఉంటే టిక్కెట్టు కొనుక్కుని ఎక్కేవాణ్ణి కదా, నడుపుకోవడమెందుకు?"

"ఆఫీసు పనిలో తేడా ఏమన్నా?"

"ఉత్తరాల మీద ముద్రలు కొట్టేటప్పుడే బాగా నడుస్తుందండి బండి. ఆ టకటకకి. ఇరవై ఏళ్ళలో ఒక్క ఉత్తరం దారి తప్పలేదు. మా పోస్టుమాస్టరుగారిని అడగండి, కావాలంటే."

"ఎవరైనా పిలిస్తే?"

"బండి ఆగిపోతుందండి. పలుకుతాను."

"అబద్ధం! రెండోసారి పిలిస్తేగానీ పలకరండి ఈయన."

"రెండోసారికి పలుకుతారు కదమ్మా, నయమే. నన్ను మా ఆవిడ నాలుగుసార్లు పిలవాలి."

"మీకు నవ్వులాటగా ఉందండి. కాపరం చేసేదాన్ని నేను."

"నవ్వులాట కాదమ్మా. ఇది పిచ్చి కాదని చెబుతున్నాను. తనంతట తాను ఎక్కి, పిలవగానే దిగిపోతున్నారు. అది కలేనని ఆయనకే తెలుసు. ఉద్యోగం సరిగ్గా చేసుకుంటున్నారు. దీన్ని పగటికలంటారు. పూర్వం మా క్లాసులో సగం మందికి ఉండేది. కల ఏదో, నిజం ఏదో తెలీకుండా పోతే, తిండీ నిద్రా పోతే, అప్పుడు దాన్ని జబ్బంటాం."

"అయితే తువ్వాలు సంగతేంటండి? ఏం, మాట్లాడరేం? చెప్పండి డాక్టరుగారికి, తువ్వాలు!"

"ఏం తువ్వాలు?"

"మొన్న ఆదివారం నుంచీ పొద్దున్నే వీధిలో నించుని రైలు గార్డులా పచ్చ తువ్వాలు ఊపుతున్నారండి. నోట్లో పిల్లల ఈల ఒకటి. రిక్షావాళ్ళు ఆగి మరీ చూస్తున్నారు. ఎదురింటి మరిడమ్మ పళ్ళికిలించి నవ్వుతోంది. నవ్వదూ మరి? అది చేసిన పనే కదా ఇదంతా."

"ఏం చేసిందమ్మా ఆవిడ?"

"ఏం లేదు లెండి. ముందు ఈయన సంగతి చూడండి."

"చంద్రరావుగారూ, నిజమేనా? ఊపారా?"

"ఆయ్. ఊపానండి."

"ఎందుకండీ?"

"...ఊపానండి."

"చూశారా, ఎలా నీళ్ళు నములుతున్నారో! తాయెత్తు కట్టించాను, వేపమండలతో కొట్టించాను. ఊఁహూఁ. అందుకే మొన్న రాత్రికి రాత్రి నిశ్చయించుకుని ఇక్కడికి లాక్కొచ్చాను."

"మంచి పని చేశారు. అన్నట్టు, వచ్చిందగ్గర్నుంచీ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునే ఉన్నారేమ్మా? ఫినాయిలు వాసన పడదా?"

"ఫినాయిలైతే హాయేనండి. కంపు! ఎలక చచ్చిన కంపు. మీకు రావట్లేదూ?"

"లేదే."

"వస్తోందండి. ఇప్పుడే వచ్చింది. బస్సులో మా వెనకే వచ్చింది."

"మీ ఇల్లు కాలువ పక్కనేమో. వేసవిలో కాలువలు కట్టేస్తే ఆ బురద కంపు కొడుతుంది కదా?"

"కాలువకి నీళ్ళొదిలి నెలయిందండి. ఆపాటి తెలీదా నాకు? ఇది బియ్యంలోంచి వస్తుంది. బిందెలోంచి వస్తుంది. ఉతికి ఆరేసిన ఈయన చొక్కాలోంచి వస్తుంది. ఛీ ఛీ! మరిడమ్మే, గోడకి చిల్లి పెట్టి ఊదుతోందండి."

"ఆ చిల్లి చూశారా మీరు?"

"చూడక్కర్లేదు, వింటున్నానుగా. ఊదేముందు చెప్పి మరీ ఊదుతుంది. 'ఒసే సూర్యకళా, ఇదిగో' అంటుంది. అర్ధరాత్రీ అంటుంది, పట్టపగలూ అంటుంది."

"ఇప్పుడు కూడా అంటోందా?"

"...మీకెందుకండీ అవన్నీ?"

"కంపు కొట్టే బియ్యంతో అన్నం ఎలా తింటున్నారమ్మా?"

"ఎవరు తింటున్నారు? మూణ్ణెల్లయింది మెతుకు ముట్టి. బొండం నీళ్ళు, అరటిపళ్ళు. అంతే. వాటికి తొక్కుంటుంది కదండి, ఎవరూ ఏమీ కలపలేరు. నా ఎదుటే బొండం కొట్టించుకుంటాను."

"పిల్లలో?"

"ఒక్కర్తేనండి, శృతి. తొమ్మిదేళ్ళు. దాన్ని ఈయనే మా అత్తగారి దగ్గరికి పంపేశారు. కన్నతల్లిని, నాకు చెప్పకుండా! పిల్లకి ఆ కంపు అంటుకోకూడదని రోజుకి ఆరుసార్లు స్నానం చేయిస్తే, అదీ తప్పేనా?"

"బట్టల సబ్బుతో రుద్దేదండి. వీపంతా తోలు ఊడిపోయి..."

"మీరు నోరు ముయ్యండి! పిచ్చివాళ్ళు మధ్యలో మాట్లాడకూడదు."

"సరే. మాట్లాడను."

"డాక్టరుగారూ, ఈయనకి నయమవుతుందాండీ? మాత్రలు రాసివ్వండి, దగ్గరుండి నేనే మింగిస్తాను. ఎంత రోత పుట్టినా నాకీయన తప్ప ఎవరున్నారండీ? అబ్బ... ఎక్కువైపోయిందండి కంపు. ఉమ్మొస్తోంది."

"బయట కుళాయి ఉందమ్మా. సిస్టర్! ఈవిడకి తోడు వెళ్ళు. తొందరేం లేదు, మొహం కడుక్కుని నెమ్మదిగా రానియ్యి."

"తలుపు వెయ్యనాండి డాక్టరుగారూ?"

"వెయ్యండి. వేసి ఇలా కూర్చోండి. చంద్రరావుగారూ, ఇప్పుడు చెప్పండి. ఎన్నాళ్ళయింది?"

"రైలాండీ?"

"రైలు కాదండీ."

"...ఉగాది ముందు నుంచండి. మొదట్లో చాదస్తం అనుకున్నాను. చుట్టుపక్కల వాళ్ళు నాకే ఏదో అయిందనుకుంటున్నారు. ఆవిడ ఇల్లు అద్దంలా తుడుస్తుంది, నలుగురిలో చక్కగా మాట్లాడుతుంది. పెదాలు ఆడించేది నేను కదండి మరి."

"ఇన్నాళ్ళూ ఎందుకు తీసుకురాలేదు?"

"మూడుసార్లు అడిగానండి. మూడోసారి కత్తిపీట ఎత్తింది. నన్ను పిచ్చిదాన్ని చేసి మరిడమ్మని ఇంట్లో పెట్టుకుంటావా అంది. మరిడమ్మగారికి డెబ్బై ఏళ్ళండి."

"మరి మొన్న ఆదివారం..."

"ఆ రైలు నా చిన్నప్పటిదండి. ఎవరికీ చూపించలేదు. పెళ్ళయిన కొత్తలో ఆవిడొక్కదానికే చెప్పాను. నవ్వలేదండి. రోజూ రాజోలు దాకా టిక్కెట్టు అడిగేది. కిటికీ పక్క సీటే కావాలనేది."

"ఊఁ."

"అలాంటి రైలుని నడివీధిలో పెట్టి, ఈలేసి, తువ్వాలు ఊపుతుంటే నామీద నాకే అసహ్యం వేసిందండి. కుర్రాళ్ళు రాళ్ళేశారు. అయినా నాలుగు రోజులు ఊపాను."

"ఎందుకండీ, అదే అడుగుతున్నాను."

"తన కోసమైతే గుమ్మం దాటదండి. నాకు పిచ్చెక్కితే మాత్రం ఊరుకోదని తెలుసు. బస్సులో నా చెయ్యి ఒక్క క్షణం వదల్లేదండి. కంపు కొడుతున్నానంటూనే పట్టుకుంది."

"చంద్రరావుగారూ... ఇలా దాచి వైద్యం చెయ్యడం కుదరదండి. ఆవిడకి చెప్పాలి."

"చెబుదురుగానండి. మెల్లిగా మీరే చెబుదురుగాని. అడుగుల చప్పుడండి, వస్తున్నట్టుంది. బయట చీటీ మీద నా పేరు రాశారు, అది కొట్టేసి సూర్యకళ అని రాసుకోండి. ఈ ఒక్క పూటకీ ఆవిడ ముందు మాత్రం, పేషెంటుని నేనేనండి."